ఒక చుక్క ప్రోస్టాగ్లాండిన్‌ని ఆపుతుందట, ఇంకో చుక్క ప్రోస్టాగ్లాండినేనట! ఈ తిరకాసేంటి?

ప్రశ్నల_పుట్ట
అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయింది. ఇంటికి పంపేటప్పుడు రెండు చుక్కల మందులు రాశారు, ఒకటి ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడు, ఇంకోటి నెపాఫెనాక్. రెండూ వాపు తగ్గడానికేనట. వాపుకి రెండెందుకో అని లోపలి కాగితాలు తిరగేస్తే, నెపాఫెనాక్ పని కంట్లో ప్రోస్టాగ్లాండిన్లు తయారవకుండా చూడటం అని ఉంది. ఇక్కడిదాకా బానే ఉంది. కానీ అమ్మకి నీటికాసులు కూడా ఉన్నాయి, ఏళ్ల తరబడి రాత్రిపూట లాటనోప్రోస్ట్ వేసుకుంటోంది. దాని కాగితం మీద "ప్రోస్టాగ్లాండిన్ తరహా మందు" అని రాసి ఉంది. అంటే పగలంతా ఆపేదాన్నే రాత్రి పోస్తున్నామా? ఆపరేషన్ చేసినాయన లాటనోప్రోస్ట్ కొన్నాళ్లు ఆపమన్నారు. ఎందుకని అడిగితే "వాపు రాకుండా" అని ఒక్క ముక్క చెప్పి తర్వాతి పేషెంటుని పిలిచారు. దీనికి తోడు చేపనూనె మాత్రలు మింగితే కంట్లో వాపన్నదే ఉండదని మా బాబాయి రోజూ ఫోను. ఎవరైనా విడమర్చి చెప్పండి. లెక్చర్ అయినా పర్లేదు.

రెప్పపాటు
"లెక్చర్ అయినా పర్లేదు" అన్నావు చూడు, అక్కడ దొరికిపోయావు. మాస్టారు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు.

జీవరసాయనం_మాస్టారు
పెట్టుకున్నాను. రెప్పపాటూ, నువ్వు వెనక బెంచీకి వెళ్లు.

ముందు ముడిసరుకు సంగతి. కంట్లో ప్రతి కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో కట్టిందే. ఆ పొరలోని ఫాస్ఫోలిపిడ్‌కి వెన్నెముకగా మూడు కార్బన్ల గ్లిసరాల్ ఉంటుంది. దాని నడిమి కార్బన్‌కి చాలాసార్లు అరాకిడోనిక్ ఆమ్లం తగిలించి ఉంటుంది. ఇది 20 కార్బన్లు, 4 డబుల్ బాండ్లు ఉన్న ఒమేగా-6 ఫ్యాటీ యాసిడ్. కణం ప్రశాంతంగా ఉన్నంతకాలం అది అక్కడే పడి ఉంటుంది. కత్తి తగిలినా, సూక్ష్మజీవి వచ్చినా, కణంలో కాల్షియం పెరుగుతుంది. ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే ఎంజైము వచ్చి ఆ నడిమి కొక్కేన్ని తెంపుతుంది. ప్రోస్టాగ్లాండిన్లని కణం ముందే చేసి దాచుకోదు. అవసరం పడ్డప్పుడు అప్పటికప్పుడు చేస్తుంది, నిమిషాల్లో.

అలా విడిపోయిన ఆమ్లానికి మూడు దారులు. కాక్స్ ఎంజైము పట్టుకుంటే ప్రోస్టాగ్లాండిన్లు, థ్రాంబాక్సేన్. లైపాక్సిజనేజ్ పట్టుకుంటే ల్యూకోట్రైన్లు, హెచ్‌ఈటీఈలు, లైపాక్సిన్లు. సైటోక్రోమ్ పీ450 పట్టుకుంటే ఇంకో రకం హెచ్‌ఈటీఈలు, ఎపాక్సైడ్లు. నూలు ఒకటే, మగ్గాన్ని బట్టి బట్ట. ఐరిస్ (కనుపాప చుట్టూ ఉండే రంగు భాగం), దాని వెనక కంటి నీటిని తయారుచేసే సీలియరీ బాడీ ఎక్కువగా పీజీఈ2, పీజీఎఫ్2-ఆల్ఫా లాంటివి నేస్తాయి. పీజీ అంటే ప్రోస్టాగ్లాండినే. కార్నియాలో, అంటే కంటి ముందుండే పారదర్శక పొరలో, లైపాక్సిజనేజ్, పీ450 సరుకు ఎక్కువ. రెటీనాది ఇంకో లోకం, దాని దగ్గరకి తర్వాత వద్దాం.

తల్లీ, నీ ప్రశ్నకి జవాబు మొదలయ్యేది ఇక్కడే. "ప్రోస్టాగ్లాండిన్" అనేది ఒక మందు పేరు కాదు, ఒక కుటుంబం పేరు. పీజీఈ2 కి నాలుగు రకాల రిసెప్టర్లున్నాయి (కణం మీద ఆ అణువు వచ్చి తట్టే తలుపులన్నమాట), ఈపీ1 నుంచి ఈపీ4 దాకా. పీజీఎఫ్2-ఆల్ఫాది ఎఫ్‌పీ రిసెప్టర్. పీజీడీ2 కి ఇంకో రెండు. లాటనోప్రోస్ట్ ఆ ఎఫ్‌పీ తలుపు ఒక్కదాన్నే తట్టేలా మలిచిన మందు. ఆపరేషన్ తర్వాత కంట్లో లేచేది ఆ కుటుంబం మొత్తం, అదీ ఒక్కసారిగా.

ఊరికే_అడిగిన
మాస్టారూ, గీడ నాకో డౌటు. స్టెరాయిడు గా ఫాస్ఫోలైపేజ్ కాడ్నే, అంటే ఎగువనే ఆపుతదంటరు గదా. ఎగువ బందైనంక దిగువ కాక్స్‌ని ఆపేతందుకు ఇంకో సీసా ఎందుకు? ఒట్టిగ బిల్లు పెంచుడా?

జీవరసాయనం_మాస్టారు
బిల్లు సంగతి నాకు తెలీదు గానీ ప్రశ్న మంచిది. స్టెరాయిడు పని చాలావరకు జీన్ల ద్వారా నడుస్తుంది. కణంలోకి వెళ్లి, అనెక్సిన్ ఏ1 అనే ప్రోటీన్‌ని పెంచి, దాంతో ఫాస్ఫోలైపేజ్‌ని అణుస్తుంది. కాక్స్-2 తయారీనీ తగ్గిస్తుంది. వీటికి గంటలు పడుతుంది, పైగా పూర్తిగా మూసేయలేదు. నెపాఫెనాక్ జాతి మందులు నేరుగా కాక్స్ ఎంజైము మీదే కూర్చుంటాయి. వాటి లోటేంటంటే లైపాక్సిజనేజ్ దారి తెరిచే ఉంటుంది, ల్యూకోట్రైన్ బీ4 లాంటివి తెల్ల రక్తకణాల్ని పిలుస్తూనే ఉంటాయి. ఒకదాని కంత ఇంకోటి పూడుస్తుందని రెండూ ఇస్తారు.

నెపాఫెనాక్‌లో ఒక ముచ్చట ఉంది. సీసాలో ఉన్నప్పుడు అది దాదాపు సోమరి. కార్నియా దాటి లోపలికి వెళ్లాక అక్కడి కణజాలంలోని ఎంజైములే దాన్ని ఆమ్‌ఫెనాక్‌గా మారుస్తాయి, అసలు పని చేసేది అదే.

చుక్కల_చిట్టి
కంటి వార్డులో చాలా ఏళ్లు పనిచేశాను, అవతలి వైపు సంగతి నేను చెప్తా. మాకు భయం ఎర్రదనం గురించి కాదు, మాక్యులా వాపు గురించి. ఆపరేషన్ బ్రహ్మాండంగా అవుతుంది, మర్నాడు అక్షరాలు చకచకా చదివేస్తారు, నాలుగైదు వారాల తర్వాత "మళ్లీ మసకేస్తోందమ్మా" అని వస్తారు. స్కాన్ తీస్తే రెటీనా మధ్యలో నీటి బుడగలు. 1953లో అర్విన్ రాశాడు, 1966లో గాస్ వాళ్లు యాంజియోగ్రఫీ (రక్తంలోకి రంగు ఎక్కించి ఫొటోలు తీయడం) చేసి చూపించారు, అందుకే అర్విన్-గాస్ సిండ్రోమ్ అంటారు. కత్తి పడేది కంటి ముందు భాగంలో, నీరు చేరేది వెనక. మధ్యలో రాయబారం నడిపేవాళ్లలో ఈ ప్రోస్టాగ్లాండిన్లు ముఖ్యమైనవి.

రెండు సీసాలు దండగ అనేవాళ్ల కోసం: యూరప్‌లో ప్రీమెడ్ అని పెద్ద ట్రయల్ జరిగింది, ఫలితాలు 2018లో వచ్చాయి. షుగర్ లేనివాళ్లలో 12 వారాల్లోపు పట్టించుకోవాల్సినంత మాక్యులా వాపు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడు ఒక్కటే వేసినవాళ్లలో 5.1 శాతం, నెపాఫెనాక్ జాతిదే అయిన బ్రోమ్‌ఫెనాక్ ఒక్కటే వేసినవాళ్లలో 3.6 శాతం, రెండూ వేసినవాళ్లలో 1.5 శాతం.

ఊరికే_అడిగిన
సరే, బిల్లు మాట వాపస్ తీస్కుంటున్న. సగం.

ఒమేగా_ఓబులరెడ్డి
మీరంతా కొమ్మలు నరుకుతున్నారు, వేరు వదిలేశారు. ముడిసరుకే ఒమేగా-6 అని మాస్టారే చెప్పారు కదా. తిండిలో ఒమేగా-6 తగ్గించి ఒమేగా-3 పెంచితే పొరలో అరాకిడోనిక్ బదులు ఈపీఏ, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 ఆమ్లాలు చేరతాయి. వాటినుంచి వాపు పుట్టించేవి రావు, వాపు చల్లార్చేవి వస్తాయి. రిసాల్విన్లు అని పేరు కూడా పెట్టారు. నాకు కళ్లు ఎండిపోయే బాధ ఉండేది, చేపనూనె మొదలుపెట్టాక ఆ మాటే మర్చిపోయా. ప్రశ్నల పుట్టా, మీ బాబాయి మాట విను.

రెప్పపాటు
బాబాయే వేరే పేరుతో వచ్చాడని నా అనుమానం.

ఎలుకల_పీహెచ్‌డీ
ఓబులరెడ్డి గారూ, సగం ఒప్పుకుంటా, సగం కుదరదు. ఈపీఏ నుంచి రిసాల్విన్ ఈ1, డీహెచ్‌ఏ నుంచి రిసాల్విన్ డీ1, ఇవన్నీ నిజమే. కానీ "ఒమేగా-6 అంటే నిప్పు, ఒమేగా-3 అంటే నీళ్లు" అనే లెక్క కంట్లోనే తప్పిపోతుంది.

లైపాక్సిన్ ఏ4 సంగతే తీసుకోండి. 1984లో సెర్హాన్, హామ్‌బర్గ్, శామ్యూల్సన్ బయటపెట్టారు. వాపుని చల్లార్చే అణువుల్లో ముందు దొరికింది అదే. అది పుట్టేది దేన్నుంచి? మీరు వేరుతో పీకేయమంటున్న అరాకిడోనిక్ ఆమ్లం నుంచే. ఎలుక కార్నియా మామూలుగా ఉన్నప్పుడు కూడా 12/15-లైపాక్సిజనేజ్‌తో లైపాక్సిన్ ఏ4 చేసుకుంటూ ఉంటుంది. ఆ జీన్ తీసేసిన ఎలుకల్లో కార్నియా గాయం మానడం ఆలస్యమైంది. తర్వాత రెటీనాలో ఆస్ట్రోసైట్లు (నాడీకణాలకి అండగా ఉండే కణాలు) లైపాక్సిన్ ఏ4, బీ4 విడుదల చేసి నాడీకణాల్ని కాపాడతాయని 2017లో వచ్చింది. అన్నీ ఒమేగా-6 సంతానమే.

ఇప్పుడు ఎదురు ఉదాహరణ, ఇది మీకు రుచించదు. డీహెచ్‌ఏని పీ450 ఎపాక్సైడ్‌గా మారుస్తుంది, దాన్ని సాల్యుబుల్ ఎపాక్సైడ్ హైడ్రోలేజ్ అనే ఎంజైము ఇంకో మెట్టు దింపి 19,20-డీహెచ్‌డీపీ అనేదాన్ని చేస్తుంది. షుగర్ ఉన్న ఎలుకల రెటీనాలో ఈ ఎంజైము పెరిగి, ఆ అణువు పోగుపడి, రక్తనాళాల గోడ కణాల్ని ఒకదానికొకటి పట్టుకోకుండా చేస్తోందని 2017లో నేచర్‌లో వచ్చింది. ఎంజైముని ఆపితే ఎలుకల్లో రెటినోపతి, అంటే షుగర్ వల్ల రెటీనా పాడవడం, ఆగింది. అంటే మీ "చల్లని" ఒమేగా-3 నుంచే ఆ హాని చేసే సరుకూ వచ్చింది. దేన్నుంచి పుట్టింది అన్నది సగం కథే. ఏ కణజాలంలో, ఏ ఎంజైము చేతిలో పడింది, ఎంత పోగుపడింది అన్నది మిగతా సగం.

ఒమేగా_ఓబులరెడ్డి
ఎలుకల మీద చేసినవి చూపించి మనుషుల్ని భయపెట్టకండి. షుగర్ ఉన్నవాళ్లలో చేపలు బాగా తినేవాళ్లకి చూపు పోయేంత రెటినోపతి తక్కువని ప్రెడిమెడ్ అనే తిండి అధ్యయనంలో వచ్చింది కదా, 2016లో. అది మనుషుల మీదే.

ఎలుకల_పీహెచ్‌డీ
వచ్చింది, కాదనను. అది వాళ్లు తినే తిండిని గమనించి తీసిన లెక్క, మాత్రలిచ్చి చేసిన ట్రయల్ కాదు. మాత్రలిచ్చి చూసినవి చిట్టి గారికి తెలిసుంటాయి.

చుక్కల_చిట్టి
తెలుసు. ఓబులరెడ్డి గారు కోప్పడకూడదు మరి. పొడి కళ్ల మీద డ్రీమ్ ట్రయల్, 2018. మొత్తం 535 మంది. ఒక గుంపుకి రోజుకి 3000 మిల్లీగ్రాముల ఒమేగా-3 (2000 ఈపీఏ, 1000 డీహెచ్‌ఏ), ఇంకో గుంపుకి ఆలివ్ నూనె, ఏడాది పాటు. బాధ కొలిచే స్కోరు చేపనూనె వాళ్లకి సగటున 13.9 తగ్గింది, ఆలివ్ నూనె వాళ్లకి 12.5 తగ్గింది. ఆ తేడా లెక్కలోకి రాదు. చూడండి, రెండు గుంపులకీ తగ్గింది! మీకు తగ్గిందంటే నేను నమ్ముతాను, చేపనూనె వల్లే తగ్గిందంటే మాత్రం ఆలోచించాలి. వయసుతో వచ్చే మాక్యులా జబ్బు మీద జరిగిన ఏరెడ్స్-2 ట్రయల్‌లోనూ డీహెచ్‌ఏ, ఈపీఏ కలిపినందువల్ల అదనపు లాభం కనపడలేదు, అది 2013.

ఒమేగా_ఓబులరెడ్డి
ఆలివ్ నూనె కూడా మంచిదే కదా, దాన్ని ఉత్తుత్తి మాత్ర అనడమే అన్యాయం. ఈ మాట నేనొక్కణ్నే అనట్లేదు, ఆ ట్రయల్ వచ్చినప్పుడు చాలామంది అన్నారు.

చుక్కల_చిట్టి
అన్నారు. వాళ్లకిచ్చింది రోజుకి ఐదు గ్రాములు. అంత కొంచెం ఆలివ్ నూనె పొడి కళ్లని బాగుచేస్తే ఇన్ని చుక్కల మందులు దేనికండీ.

లెన్స్_లత
మధ్యలో దూరుతున్నా. మాస్టారు కార్నియాలో పీ450 సరుకు ఎక్కువ అని ఒక్క ముక్క అని వెళ్లిపోయారు. నేను లెన్సులు పెట్టుకునే మనిషిని, ఒకసారి పెట్టుకునే నిద్రపోయా, లేచేసరికి కళ్లు మండుతూ ఎర్రగా ఉన్నాయి. సూక్ష్మజీవులేం లేవు, ఆక్సిజన్ అందక అలా అయిందన్నారు. ఆక్సిజన్ అందకపోతే ఎర్రబడటం ఏంటి? దీనికీ ఈ కొవ్వు కథకీ సంబంధం ఉందా?

జీవరసాయనం_మాస్టారు
ఉంది, నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. కార్నియాలో రక్తనాళాలుండవు. ఆక్సిజన్ గాలి నుంచి కన్నీటి ద్వారా రావాలి. రెప్ప మూసి, కింద లెన్స్ కూడా పెడితే ఆ సరఫరా బాగా తగ్గుతుంది. కుందేళ్లలో అలా మూసిన కంట్లో లెన్స్ ఉంచి చూస్తే కార్నియా పైపొరలో పీ450 దారి ఊపందుకుంది. అక్కడ రెండు సరుకులు తయారవుతాయి. ఒకటి 12(ఆర్)-హెచ్‌ఈటీఈ. ఇది కణాల్లో సోడియం-పొటాషియం పంపుని అడ్డుకుంటుందని 1987లో ష్వార్ట్స్‌మన్ బృందం చూపించింది. కార్నియా పారదర్శకంగా ఉండటానికి నీటిని బయటకి తోడేది ఆ పంపే, అది మందగిస్తే కార్నియా ఉబ్బుతుంది. రెండోది దాని తోబుట్టువు 12(ఆర్)-హెచ్‌ఈటీఆర్‌ఈ. ఇది రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది, కొత్తవి మొలిపిస్తుంది. నీ ఎర్రదనంలో దీని వాటా ఉండే అవకాశం ఉంది, మొత్తం దీని పనే అని మాత్రం అనను.

ఇంకో విడ్డూరం. లైపాక్సిజనేజ్ దారిలో కూడా 12-హెచ్‌ఈటీఈ వస్తుంది, కానీ అది ఎస్ రూపం. అణువులో ఉన్నవి అవే అణుభాగాలు, అదే వరుస, కాకపోతే అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉంటుంది. పంపుని గట్టిగా అడ్డేది ఆర్ రూపమే.

లెన్స్_లత
ఇక నిద్రపోయేముందు తీసేస్తా బాబోయ్. ఇప్పుడొచ్చే సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులకి కూడా ఇదే గొడవేనా?

చుక్కల_చిట్టి
వాటిలోంచి ఆక్సిజన్ బాగా వెళ్తుంది, ఉబ్బడం తక్కువ. ఇన్ఫెక్షన్ ముప్పు మాత్రం పెట్టుకుని నిద్రపోతే ఇప్పటికీ ఉంది. తీసెయ్.

చరిత్ర_పురుగు
ఇంత మాట్లాడుకున్నారు, "ఐరిన్" పేరు ఒక్కరూ ఎత్తలేదే! ప్రోస్టాగ్లాండిన్ అన్న పేరు 1935లో ఫన్ ఆయిలర్ పెట్టాడు, వీర్యంలో దొరికిన సరుకుకి. కంటికీ దానికీ సంబంధం ఉంటుందని ఎవరూ అనుకోలేదు. 1950లలో అంబాషే అనే శాస్త్రవేత్త కుందేలు ఐరిస్ నుంచి తీసిన రసంలో ఏదో కండరాల్ని బిగిస్తోందని, కనుపాపని కుదిస్తోందని, కనుపాపని విప్పే అట్రోపిన్ వేసినా అది ఆగట్లేదని గమనించి దానికి ఐరిన్ అని పేరు పెట్టాడు. వివరంగా రాసింది 1957లో. 1964లో ఆంగార్డ్, శామ్యూల్సన్ గొర్రె ఐరిస్‌లో వెతికితే దొరికింది పీజీఎఫ్2-ఆల్ఫా. అంటే ఐరిన్‌లో ఉన్నది ప్రోస్టాగ్లాండినే. 1971లో ఆస్పిరిన్ వీటి తయారీనే ఆపుతుందని వేన్ తేల్చాడు. 1982లో వేన్, శామ్యూల్సన్, బెర్గ్‌స్ట్రోమ్ ముగ్గురికీ నోబెల్.

కుందేలు కంట్లో దొరికింది కాబట్టి అందరూ కుందేలు వెంటే పడ్డారు, అక్కడే చిక్కొచ్చింది.

రెప్పపాటు
కుందేలు ఏం చేసింది పాపం?

చరిత్ర_పురుగు
ఏం చేయలేదు, ఎక్కువ చేసింది. ప్రోస్టాగ్లాండిన్‌కి కుందేలు కన్ను మహా సున్నితం. మోతాదు దిట్టంగా వేస్తే రక్తానికీ కంటి నీటికీ మధ్య ఉన్న అడ్డుగోడ తెగి, ప్రోటీన్లు కారి, కంటి ఒత్తిడి పెరిగేది. దాంతో ప్రోస్టాగ్లాండిన్ ఒత్తిడి పెంచే విలన్ అని ముద్ర పడింది. 1977లో కామ్రాస్, బిటో వాళ్లు మోతాదు తగ్గించి, మత్తివ్వకుండా మెలకువగా ఉన్న కుందేళ్లకి వేసి చూస్తే ఒత్తిడి తగ్గింది! చాలామంది నమ్మలేదు. నీటికాసులున్న కంట్లో వాపు సరుకు పోయడమేంటని. అక్కడి నుంచి నడిచి నడిచి 1996లో అమెరికాలో లాటనోప్రోస్ట్‌కి అనుమతి వచ్చింది. ఈ లాస్లో బిటో హంగరీలో పుట్టినాయన, తర్వాత నవలలు కూడా రాశాడు.

పశువైద్యం_పరమేశం
కుందేలు ఒక్కటే కాదండీ, ఏ జంతువుకి ఆ జంతువే. కుక్కకి లాటనోప్రోస్ట్ వేస్తే ఒత్తిడి బాగా దిగుతుంది, దాంతో పాటు కనుపాప సూదిమొనంత అవుతుంది. కంటి లోపలి లెన్స్ ముందుకి జారిపోయిన కుక్కకి వేస్తే కొంప మునుగుతుంది, కనుపాప మూసుకుని నీళ్లు పోయే దారి ఆగిపోతుంది. పిల్లికి వేస్తే కనుపాప కుదించుకుంటుంది గానీ ఒత్తిడి పెద్దగా తగ్గదు. మనుషుల్లో కనుపాప మీద ప్రభావం నామమాత్రం. మందు అదే, రిసెప్టర్లు ఎక్కడెక్కడ ఎన్ని ఉన్నాయన్నదే తేడా. గుర్రాలకైతే మళ్లీ మళ్లీ తిరగబెట్టే యువిఐటిస్ (కంటి లోపలి వాపు) అని ఒకటుంది, వాటి గుడ్డితనానికి పెద్ద కారణం అదే. దానికి కాక్స్‌ని ఆపే ఫ్లూనిక్సిన్ ఇస్తాం, కంట్లో స్టెరాయిడు చుక్కలతో పాటు. గుర్రానికి కంట్లో చుక్కలు వేయడం ఎప్పుడైనా చూశారా? చూసి తీరాలి.

రెప్పపాటు
పరమేశం గారూ, గుర్రానిది కాదు, అప్పటి మీ మొహం ఫొటో పెట్టండి.

ప్రశ్నల_పుట్ట
ఇప్పుడు దారి కనిపిస్తోంది. రెండు అడుగుతా. ఒకటి, లాటనోప్రోస్ట్ వాపు పెంచకుండా ఒత్తిడి ఎలా తగ్గిస్తుంది? రెండు, మరి పెంచకపోతే ఆపరేషన్ తర్వాత ఆపమనడం దేనికి?

జీవరసాయనం_మాస్టారు
ఒకటోది నాది. చుక్కలో ఉండేది ఎస్టర్ రూపం, కార్నియా గుండా వెళ్తుండగా అక్కడి ఎంజైములు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. అది సీలియరీ కండరంలో ఎఫ్‌పీ రిసెప్టర్‌ని తట్టి మెటల్లోప్రోటినేజులని లేపుతుంది. అవి కండరం పోగుల మధ్య ఉండే కొల్లాజెన్ లాంటి పదార్థాన్ని పలచబరుస్తాయి, కంటి నీరు యువియోస్క్లీరల్ దారిన బయటకి జారుతుంది. పూర్తి ప్రభావానికి 8 నుంచి 12 గంటలు. మోతాదు చూడండి, 0.005 శాతం, రోజుకి ఒక్క చుక్క. అయినా ఆ కుటుంబం గుణం పూర్తిగా పోదు. కళ్లు కాస్త ఎర్రబడతాయి, ఐరిస్‌లో మెలనిన్ పెరిగి రంగు ముదురుతుంది, రెప్పల వెంట్రుకలు పొడవవుతాయి.

లెన్స్_లత
రెప్పల వెంట్రుకలు పొడవవుతాయా!! ఆ సీసా పేరు మళ్లీ చెప్పండి.

చుక్కల_చిట్టి
లతా, ఆగు. దాని చుట్టం బిమాటోప్రోస్ట్‌ని 2008లో అమెరికాలో అచ్చంగా వెంట్రుకలకే అనుమతించారు. దాంతో పాటు కంటి చుట్టూ కొవ్వు కరిగి గుంటలు పడటం కూడా వస్తుంది, అది ప్రకటనల్లో చెప్పరు.

ప్రశ్నల పుట్టా, నీ రెండోది. లాటనోప్రోస్ట్ వాడుతున్న కళ్లలో ఆపరేషన్ తర్వాత మాక్యులా వాపు వచ్చిన కేసులు రాసిపెట్టారు. వాటిలో చాలావాటికి వేరే కారణాలు కూడా ఉన్నాయి: లెన్స్ వెనక పొర చిరగడం, అంతకుముందే యువిఐటిస్ ఉండటం, షుగర్. తప్పు మందుదేనా అన్న వాదన ఇంకా తెగలేదు. అందుకని కొందరు సర్జన్లు ఆపుతారు, కొందరు ఆపరు. నేను చూసినవాళ్లలో రెండు రకాలూ ఉన్నారు.

కనకదుర్గ_ఆప్టో
చిట్టి గారూ, ఇక్కడ నేను వేరే మాట చెప్తా. అన్ని కళ్లకీ ఒకే నియమంలా ఆపేయడం నాకు నచ్చదు. నీటికాసులు ముదిరి నరం సగం పోయినవాళ్లకి కొన్ని వారాలు ఒత్తిడి పెరిగినా నష్టమే, పైగా అప్పుడే స్టెరాయిడు కూడా వేస్తున్నాం. స్టెరాయిడే కొందరికి ఒత్తిడి పెంచుతుంది! ఆపితే దాని బదులు ఇంకో జాతి చుక్కలు రాయాలి, ఒత్తిడి కొలుస్తూ ఉండాలి. ప్రశ్నల పుట్టా, బదులు మందు ఏమైనా రాశారో లేదో చూడు. రాయకపోతే ఫోన్ చేసి "లాటనోప్రోస్ట్ ఆపినన్నాళ్లూ ఒత్తిడికి ఏం వెయ్యాలి" అని అడుగు. మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టొద్దు.

చుక్కల_చిట్టి
దీంతో నాకు పేచీ లేదు. ఇంకో జాగ్రత్త: నెపాఫెనాక్ లాంటివి చెప్పినన్నాళ్లే వేయాలి. కళ్లు బాగా పొడిబారినవాళ్లలో, షుగర్, కీళ్లవాతం ఉన్నవాళ్లలో ఎక్కువకాలం వాడితే కార్నియా పుండు పడి కరిగిపోయిన కేసులున్నాయి. నొప్పి తెలియనివ్వవు కాబట్టి పేషెంటుకి ఆలస్యంగా తెలుస్తుంది. మిగిలిన సీసా దాచుకుని, కన్ను ఎర్రబడినప్పుడల్లా వేసుకునేవాళ్లని ఎంతమందిని తిట్టానో.

ప్రశ్నల_పుట్ట
చీటీ తీసి చూశా. టిమోలాల్ రాశారు, మేమే దాన్ని పాత మందనుకుని పక్కన పెట్టాం. ఈ రాత్రి నుంచే మొదలు. కనకదుర్గ గారూ, చాలా థాంక్స్. బాబాయికి డ్రీమ్ ట్రయల్ గురించి చెప్పా, "డాక్టర్లకి నూనెలంటే పడదు" అన్నాడు.

దురద_దుర్వాసుడు
నాదీ ఒకటి కలపండి. నాకు ఎలర్జీ కాలమొస్తే కళ్లు పీక్కోవాలనిపిస్తుంది. యాంటీహిస్టమిన్ వేస్తే సగమే తగ్గుతుంది. ఆ మిగతా సగం ఈ కొవ్వుల పనేనా?

జీవరసాయనం_మాస్టారు
చాలావరకు కావచ్చు. కంటి తెల్లగుడ్డుని కప్పే పల్చటి పొరలో మాస్ట్ కణాలు, అంటే ఎలర్జీని మొదలుపెట్టే కణాలు, ఉంటాయి. హిస్టమిన్ మూటలు కట్టి సిద్ధంగా ఉంటుంది, పుప్పొడి తగలగానే బయటపడుతుంది. ఆ వెంటనే అదే కణం అరాకిడోనిక్ ఆమ్లం తెంపుకుని పీజీడీ2, ల్యూకోట్రైన్ సీ4 కొత్తగా చేస్తుంది. యాంటీహిస్టమిన్ మొదటిదాన్నే అడ్డుతుంది. మాస్ట్ కణాన్నే కదలకుండా పట్టే గుణం కూడా ఉన్న ఓలోపటడిన్ లాంటివి అందుకే బాగా పనిచేస్తాయి. కాక్స్‌ని ఆపే కెటోరోలాక్ చుక్కల్ని ఎలర్జీ దురదకి కూడా అనుమతించారు, వేయగానే చురుక్కుమంటాయి మరి.

ఎలుకల_పీహెచ్‌డీ
రెటీనా సంగతి తర్వాత అని మాస్టారు మర్చిపోయారు, నేను పూర్తిచేస్తా. ఫోటోరిసెప్టర్ల చివర్లలో ఉండే పొరల కొవ్వు ఆమ్లాల్లో దాదాపు సగం డీహెచ్‌ఏ, శరీరంలో అంత గాఢంగా ఇంకెక్కడా ఉండదేమో. ఆ చివర్లు రోజూ పదో వంతు రాలుతుంటాయి, వెనకనున్న ఆర్‌పీఈ కణాలు వాటిని మింగి డీహెచ్‌ఏని తిరిగి పంపిస్తాయి. వెలుతురు, ఆక్సిజన్, డబుల్ బాండ్లు మూడూ ఒకేచోట ఉంటే తుప్పు పట్టకుండా ఉండటమే గొప్ప. ఆ ఒత్తిడిలో ఆర్‌పీఈ కణాలు డీహెచ్‌ఏ నుంచే న్యూరోప్రొటెక్టిన్ డీ1 చేసుకుని చావు తప్పించుకుంటాయని 2004లో బజాన్ బృందం చూపించింది. ఓబులరెడ్డి గారికి ఇది నా తరఫున కానుక.

ఒమేగా_ఓబులరెడ్డి
తీసుకున్నా. చివరికి మీరే ఒప్పుకున్నారు.

ఎలుకల_పీహెచ్‌డీ
కణం చేసుకుంటుందని ఒప్పుకున్నా, మాత్ర మింగితే అక్కడికి వెళ్లి అదే అవుతుందని అనలేదు!

ఊరికే_అడిగిన
ఇంకొక్కటి అడిగి పోత. పుట్టిన ప్రోస్టాగ్లాండిన్ పోయేది ఎట్ల? కంట్లనే ఇరిగిపోతదా?

చరిత్ర_పురుగు
ఇది నేను చెప్తా, ఎందుకంటే మళ్లీ మన బిటోనే. ఊపిరితిత్తుల గుండా రక్తం ఒక్క చుట్టు తిరిగేలోపే పీజీఈ2 చాలావరకు విరిగిపోతుంది. కంటి లోపలి కణజాలానికి ఆ సత్తా చాలా తక్కువ. అందుకని సీలియరీ బాడీ దాన్ని పట్టి రక్తంలోకి తోసేస్తుంది, శక్తి ఖర్చుపెట్టి మరీ. 1970లలో బిటో తేల్చింది ఇదే. 1974లో ఇంకో మెట్టు వేశాడు: యువిఐటిస్ తెప్పించిన కళ్లలో ఈ తోసే పని దెబ్బతింది. వాపుతో ప్రోస్టాగ్లాండిన్ ఎక్కువ పుడుతుంది, ఆ వాపే దాన్ని బయటకి పంపే దారినీ మూస్తుంది.

ఊరికే_అడిగిన
అంటే ఎర్రదనం పోయినంక కూడా వారాల తరబడి చుక్కలు వేయమనేది గిందుకేనా? గా తోసే పని మళ్ల సక్కగయ్యేదాక?

చుక్కల_చిట్టి
అదొక కారణం. రక్తనాళాల గోడ కూడా తిరిగి బిగుసుకోవాలి. బయటికి కన్ను తెల్లగా ఉన్నా స్లిట్ ల్యాంప్ (కంటి డాక్టరు దగ్గరుండే సూక్ష్మదర్శిని) వెలుగులో కంటి నీటిలో ప్రోటీన్ మసక ఇంకా కనిపిస్తుంది, దాన్నే ఫ్లేర్ అని రాస్తాం. అది తగ్గేదాన్ని బట్టి చుక్కలు తగ్గిస్తారు. చాలామంది సర్జన్లు నెపాఫెనాక్‌ని ఆపరేషన్‌కి ముందు రోజే మొదలుపెడతారు, కత్తి తగిలే సమయానికి కాక్స్ మూసి ఉండాలని.

పశువైద్యం_పరమేశం
మేమూ అంతే, కుక్కలకి శుక్లాలు తీసేటప్పుడు ముందు నుంచే వేస్తాం. కుక్క కన్ను మనిషి కన్నుకన్నా చాలా ఎక్కువ వాస్తుంది. రెప్పపాటూ, ఫొటో దొరికింది, పెడుతున్నా. గుర్రమే బాగా పడింది.